మూడు ఇటుకల ఎత్తు

"కూచన అనసూర్య, నలభై తొమ్మిది"
అని పిలిస్తె లేచిన.
లేచేటందుకు కుర్చీ చేతులు రెండూ పట్టుకున్న.
పిలిచిన పిల్ల అప్పటికే ఇంకో పేరు చూస్తున్నది.

నక్కలగుట్ట దవాఖానల డాక్టరు
ఎక్స్‌రేను లైటు పెట్టెకు అతికిచ్చిండు.
"కుడి తుంటి చూడమ్మా, సందు ఉంది.
ఎడమవైపు సందే లేదు.
ఎముకకు ఎముక రాసుకుంటోంది."

నాకు వేరే చెప్పనక్కర లేదు.
పడుగు నడుమ సందు తెరుసుకోకపోతె
నాడె ఎక్కడికి పోతది?
ముప్పై ఏండ్ల సంది కొత్తవాడల నా పని
ఆ సందు తెరుసుడు, మూసుడే.

మార్చాలట.
గిన్నె ఒకటి, గుండు ఒకటి, కాడ ఒకటి.
"ఇప్పుడే చేస్తే పదిహేనేళ్ళో ఇరవయ్యో వస్తుంది.
మళ్ళీ ఒకసారి చెయ్యాల్సి రావచ్చు.
ఆగుదామంటే ఆగొచ్చు. నొప్పి నీది, నిర్ణయం నీది."

నొప్పి నాదే.
రాత్రి పక్కకు ఒత్తిగిల్లితె నాది, బస్సు మెట్టు మీద నాది.
రెండు నెల్ల నుంచి నా కాలిగోర్లు వీరేశం తీస్తున్నడు.
ఎవ్వరికి చెప్పలే.

పోచమ్మమైదాన్ల సైకిల్ షాపు రాజమల్లు
పోయినేడు చేయించుకున్నడు.
అడుగుదామని పోతె
లుంగీ జరిపి కుట్లు చూపెట్టిండు,
తను ఏసిన ప్యాచి చూపెట్టినట్టు, మురుసుకుంట.
"నొప్పి పీకేసినట్టు పోయింది చెల్లె.
కానీ కింద కూసునుడు మర్సిపోవాలె.
చావింటికి పోయినా నాకు కుర్చీయే.
అందరి తలకాయల మీదికెల్లి చూసుకుంట
ఏడుపు సరిగ రాదు."

ఇంటికొచ్చేదాక నవ్విన.
ఇంటికొచ్చినంక నవ్వు రాలే.

నేను నేసేటియి జంపఖానాలు.
కింద కూసునేటోల్ల కోసమే నేస్త.
పెండ్లి బంతికి, సంఘం మీటింగుకు,
పీర్ల కాడ, భజన కాడ, పురుడింట్ల
ఎవలెవల కింద పర్సుకున్నయో నా ఎరుపు, నా నీలం.
ఇగ అన్నిటి మీద అందరు కూసుంటరు,
నేను గోడ పొంటి, ప్లాస్టిక్ కుర్చీల.

తెల్లారి మల్ల పోయిన, నంబరు లేకుండనే.
"సారూ, ఒక్కటే ముచ్చట.
గుంట మగ్గం మీద కూసుంటె
అది కింద కూసున్నట్టా, కుర్చీల కూసున్నట్టా?"
డాక్టరు అద్దాలు తీసిండు.
ఆయన సదివిన పుస్తకాలల్ల లేదట.
చీటీ ఎనుక గీసి చూపిచ్చిన:
ఇది నేల, ఇది గుంట, ఇవి తొక్కుడు కర్రలు,
ఇగో, ఈడ నా కాళ్ళు ఏలాడుతయి.
"ఎంత లోతు?"
"మా మామ తవ్విండు సారూ, ఆయన కాళ్ళ కొలతకు.
నేను పొట్టిదాన్ని.
ముప్పై ఏండ్లు అంచు మీద జారుకుంటనే నేసిన."
ఆయన చాన సేపు ఆ గీతలు చూసిండు.
"మోకాలు తుంటికంటే పైకి రాకూడదు.
దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు పట్టుకోడానికి ఒకటుండాలి.
ఎత్తు చేసి చూడు" అన్నడు.
అయితదనలే, కాదనలే.

ఇయ్యాల వీరేశం ఇటుకలు తెచ్చిండు.
ఒకటి పెడితె చాలలే. రెండు.
మూడోది పెట్టి, పాత జంపఖానా మడతేసి కూసున్నంక
నేలకు జర పైన, కుర్చీకి చాన కింద
ఎవ్వరు పేరు పెట్టని ఎత్తుల ఉన్న.
మగ్గాన్ని సుత లేపాలె అనుకుంట
ఆయన గోడకు తాడు కట్టిండు.

ఆపరేషన్ తారీకు ఇంకా చెప్పలే.
పడుగు మీద రెండు గజాలు మిగిలున్నది,
అది కానీ ముందు.

ఎడమ కాలుతోని తొక్కిన.
సందు తెరుసుకున్నది.
తుంటి కలుక్కుమన్నది.