కొమ్ము పట్టు

ముందే ఒప్పుకుంటాను. మొదటిసారి
దాగలి కదల్లేదు, నా చెయ్యే కదిలింది.
కొమ్ము మొదట్లో లావు, కొసకి సన్నం.
ఎంత బిగిస్తే అంత ముందుకి
తడిసిన సబ్బులా నన్ను తోసేసింది.

సన్యాసాచారి బీడీ తియ్యకుండానే అన్నాడు:
"పిసికితే వొస్తాదేటే గుంటా, అదేటి పిండా?"

నెల్లిమర్లలో, మిల్లుగోడ వెనక సందులో
చల్లారిపోయిన కొలిమి అది.
తిత్తి తోలు ఎలకలు తినేశాయి.
సమ్మెటలు ఒక్కొక్కటే ఎవరెవరివో అయిపోయాయి.
మిగిలింది ముప్పై తొమ్మిది కేజీల ఇనుము,
ఎన్ని కడియాలు వంచిందో, కొమ్ము అద్దంలా నునుపు.
పాతసామాన్ల అప్పలస్వామి రెండుసార్లొచ్చి
కేజీకి ఇంతని చెప్పి పోయాడు.

"ఒంటిచేత్తో, కొమ్ము పట్టి లేపు. నీదే.
నేకపోతే దీపావళి ఎల్నాక తూకానికి."

నాకు బరువులెత్తడం కొత్త కాదు.
కానీ కడ్డీ నిజాయితీ గలది,
ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే మాట.

మూడులాంతర్ల దగ్గర స్ప్రింగు గ్రిప్పరు కొన్నాను, నూట అరవై.
బస్సులో నొక్కాను, రేషను వరసలో నొక్కాను,
కీచురాయిలా అరిచేది.
వేల నొక్కులకి నాకొచ్చింది మూసుకునే చెయ్యి.
కొమ్ముకి కావలసింది
తెరుచుకునే ఉండి, వదలనని మొండికేసే చెయ్యి.
తమ్ముడికిచ్చేశాను. వాడు దాంతో ఈగల్ని బెదిరిస్తున్నాడు.

రంగు డబ్బా నిండా చంపావతి ఇసక.
అయిదు వేళ్ళూ గుచ్చి, లోపలే విప్పాలి.
ఇది మేలు. మోచేతి దాకా మంట పాకుతుంది.
గోళ్ళలో ఏరు మిగిలిపోయి
అన్నం కలిపితే కరకరమనేది.
ఓ రోజు విరిగిన నత్తగుల్ల దిగింది. వారం పోయింది.

రెండు ఇనప బిళ్ళలు, నున్నటి వైపు బయటికి,
నాలుగు వేళ్ళకీ బొటనవేలికీ మధ్య.
బొటనవేలు ఇంత సోమరని అప్పుడే తెలిసింది.
కాలి మీద పడ్డాయి. రెండుసార్లు.
దీని గురించి ఇంతకన్నా చెప్పను.

కర్రకి తాడు, తాడుకి ఇటుక, మణికట్టుతో చుట్టడం:
వానరోజుల కాలక్షేపం.

నేను ఎక్కువ మార్కులేసింది
ఏ దుకాణంలోనూ దొరకని దానికి.
మిల్లు మూసేసిన ఏడాది అమ్మ తెచ్చుకున్న గోనెపట్టీ,
కడ్డీకి చుట్టి చుట్టి,
ఒక పక్క ఎక్కువ చుట్లు, ఒక పక్క తక్కువ,
కొమ్ములాగే కోసుగా.
దానికింకా మిల్లు నూనె వాసన.
ఇరవై రెండేళ్ళు తెగిన పోగులు ముడేసిన మనిషి
నా చుట్టు చూసింది, మొత్తం విప్పేసింది,
తిరిగి తనే చుట్టింది.
ఏమీ అనలేదు. చుట్టు మాత్రం జారలేదు.

దీపావళి రెండ్రోజులుందనగా ముసురు.
అరిచేతికి పాత కొలిమి బూడిద రాసుకున్నాను.
పిసకలేదు. కొమ్ము మొదట్లో చెయ్యి పరిచి
మణికట్టు లోపలికి వంచి
ఆగాను.
ముందు కొమ్ము లేచింది. మడమ ఇంకా మొద్దు మీదే.
తర్వాత అది కూడా లేచింది.
నాలుగంగుళాలు, అయిదేమో.
కూసే గూడ్సుబండి గేటు దాటేంతసేపు అనిపించింది,
అంతసేపు ఉండదులే.

ఆచారి నావైపు చూడలేదు.
దాగలి కింద, మొద్దు మీద
ఏ గాలీ తగలని చెక్క, పచ్చిగా, కొబ్బరి రంగులో,
దాని మధ్యన తలలేని చిన్న మేకు,
అణిగి రేకయిపోయింది.
"ఇదిక్కడుందేటి," అని
తీసి జేబులో వేసుకున్నాడు.
ఎప్పుడు పోయిందో, దేనికి కావలసొచ్చిందో అడగలేదు నేను,
చెయ్యి వణుకుతోంది, దింపే పనిలో ఉన్నాను.

ఇప్పుడది నాది. ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
అక్కడే ఉంచాను.
నిన్న అప్పలస్వామి మళ్ళీ వచ్చాడు త్రాసుతో.
"ఎంతకిస్తావే?"
కొమ్ము చూపించాను.
"ముందు లేపు," అన్నాను.