ఇటుకల మీద మంచం

కాళ్ళవైపు రెండేసి ఇటుకలు పెట్టమంది డాక్టరమ్మ.
పలాసలో మూతపడ్డ జీడిపిక్కల బట్టీ దగ్గర ఏరుకొచ్చాను,
మసి కడిగాను, ఎండబెట్టాను.
ఊర్వశి పాదాలు పైకి లేచాయి, తల కిందికి వాలింది.
ఆ రోజు నుంచీ ఇల్లంతా
ఆ వాలులోనే ఉంది.

రెండుసార్లు జారిపోయాక
మూడోదానికి కుట్టు వేశారు.
బిందె ఎత్తకూడదు, గట్టిగా తుమ్మకూడదు,
నవ్వు కూడా చూసుకుని నవ్వాలి.
నేను కింద చాప వేసుకున్నాను.
చాపకీ మంచానికీ మధ్య జానెడు.
నాలుగు నెలలుగా ఆ జానెడు దాటలేదు.

ఇప్పుడు మా మాటలన్నీ అంకెలే.
"ఎంతొచ్చింది?"
"నూటనలభై, తొంభై."
"రాత్రో?"
"నూటయాభై."
పెళ్ళైన కొత్తలో ఇదే గొంతు
బారువ ఒడ్డున అలలు లెక్కపెట్టి
రెండు ఎక్కువ చెప్పి నా మీద గెలిచేది.

ఉప్పు లేని పప్పు వండడం నేర్చుకున్నాను.
ఆమెకి లేని ఉప్పు నాకెందుకని నేనూ మానేశాను.
"బీపీ నాకు గానీ నీకేటయ్యా" అని
కంచం గోడవైపు తిప్పుకుంది.

ఇరవయ్యెనిమిదో వారం.
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో వేలిముద్ర అడిగారు.
జీడినూనె తినేసిన వేళ్ళు నావి,
మిషను మూడుసార్లు నన్ను కాదంది.
సంతకం పెట్టమన్నారు.
"ఒకరే దక్కే పరిస్థితి వస్తే?"
కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగింది డాక్టరమ్మ.
నేను ఆలోచించలేదు.
"మా ఊర్వశి" అన్నాను.

ఆశా మోహినక్క నోట్లో నువ్వుగింజ నానదు.
మూడు రోజులు మంచం మీంచి మాట లేదు.
నాలుగో రోజు తెల్లారగట్ల,
"నన్నడిగినావేటి?" అంది.
"నా లోపలున్నదాని మీద
నువ్వెలాగ సంతకం పెట్టీసినావు?"
ఏదో చెప్పబోయాను.
"ఆ రెండుసార్లూ
నువ్వు ఏటిగట్టుకెళ్ళి మట్టి కప్పీసి వచ్చినావు.
నాను పాలు పిండి పారబోసినాను."

పొయ్యి మీద అన్నం అడుగంటుతోంది.
వాసన తెలుస్తూనే ఉంది.
లేవలేకపోయాను.

పెంకు చీలాలి, గుండు విరగకూడదు.
గుండుకొక రేటు, బద్దకొక రేటు.
పదకొండేళ్ళుగా నా చేతిలో ఉన్న విద్య అదొక్కటే.
ఇంటికొచ్చి,
ఏది పెంకో ఏది పలుకో చూడకుండా
కత్తి దించాను.

నిన్న ముప్పై ఒకటి నిండింది.
వాన. కరెంటు లేదు. ఫోన్లో చార్జింగూ లేదు.
పట్టీ చుట్టి, చీకట్లో గాలిబుడ్డి నొక్కుతున్నాను.
అంకె కనపడదు.
"ఒగ్గీ" అంది.
నా చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది.
నూనెకి కాలి, సగం స్పర్శ చచ్చిన వేళ్ళు.
"తెలస్తందా?"
అవునని అబద్ధం చెప్పబోయి ఆగాను.
"నేదు."

కాసేపు ఊరుకుంది.
నా చెయ్యి తిరగేసి, వేళ్ళు పక్కకి నెట్టి,
మణికట్టు ఆనించింది.
అక్కడ, లోపల్నించి ఎవరో
ఒక్కసారి తట్టారు.

చాలాసేపటికి,
"ఇప్పుడడిగినా నా సంతకం అదే" అన్నాను.
"నాది వేరే" అంది.
నా చెయ్యి మాత్రం
వదల్లేదు.