రెండు హుక్కులు

జూన్ నెలంటే మా గిరింపేటలో
గాలికి కూడా మామిడి గుజ్జు వాసన.
ఫ్యాక్టరీ బస్సు పొద్దుగూకినాక ఆడోళ్ళని ఎక్కించుకుని పోతాది,
తెల్లారి దించిపోతాది.
ఆ నెలంతా నా మిషను చుట్టూ
నీలం గుడ్డ కుప్పలు, ఇస్కూలు యూనిఫారాలు.

ఇరవై రెండేళ్ళుగా కుట్టతా ఉండా.
టేపు నడుం మీద పడితే
చక్కిలిగిలికి మెలికలు తిరగని పిలకాయని
నేను చూడలా.
"ఉండ్రా, కదలొద్దురా" అని అరిచి అరిచి
కొలత తప్పు రాసుకున్న రోజులే ఎక్కువ.

మునికిరణ్ కదల్లేదు.

ఐదో తరగతి. ఊపిరి బిగబట్టి
ఇస్త్రీ బల్ల మాదిరి నిలబడినాడు.
కళ్ళు గోడ మీది క్యాలెండర్లో
ఏదో తేదీ దగ్గర ఆగిపోయినాయి.
నోట్‌బుక్కు తిప్పి చూసినా:
నిరుడు నడుము ఇరవై మూడు.
ఈ ఏడు ఇరవై ఒకటిన్నర.
పొడుగు మాత్రం రెండంగుళాలు పెరిగినాడు.

వాళ్ళ నాయన బెంగుళూరు లారీ మీద.
పిలుచుకొచ్చినాయన వాడికి బాబాయి వరస.
మంచి మనిషి. అడ్వాన్సు అడక్కముందే ఇచ్చినాడు.
నేను పిలగాణ్ణి అడిగిన ప్రతి మాటకీ
ఆయనే జవాబు చెప్పినాడు, నవ్వతానే.
చిల్లర కోసమని ఆయన అట్లా వీధిలోకి పోయినాక
వాడు మొదటిసారి నోరు తెరిచినాడు:
"అక్కా, ప్యాంటుకి రెండు హుక్కులు పెట్టు.
ఎవరూ తీయలేనట్టు."

సూది నా వేలికి గుచ్చుకోలేదు.
లైటు ఆరిపోలేదు. బయట ఆటో హారను కొడతానే ఉండె.
ఇట్లాంటి మాట అన్నప్పుడు
లోకం ఏమీ ఆగదు.
అందుకే చానామందికి వినబడదు.

నాకూ వినబడలేదు ఒకసారి.
నాలుగేళ్ళ కింద, హేమావతి అని ఎనిమిదో తరగతి పిల్ల,
ఎండలు మండతా ఉంటే
చేతులు మణికట్టు దాకా పెట్టమని అడిగింది.
గుడ్డ ఎక్కువ పట్టిందని
ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకున్నా.
ఆ ఇరవై దేనికి ఖర్చు పెట్టినానో గుర్తులేదు.
ఆ పిల్ల ఇప్పుడు యాడుందో తెలీదు.

ఎందుకు జరగతాదని రాత్రంతా లెక్కేసుకున్నా.
పేదరికం అందామంటే
మా వీధిలో అందరం అప్పులోళ్ళమే,
అందరి చేతులూ అట్లా పోలేదు.
తాగుడు అందామంటే ఆయన టీ తప్ప తాగడు.
రాత్రి షిఫ్టుకి పోయిన తల్లిది తప్పనే నోళ్ళుంటాయి,
ఆ నోళ్ళకి నా కత్తెర చూపిస్తా.
ఇల్లు ఖాళీగా ఉంటే దొంగతనం ఇల్లు చేసినట్టా?
కాకుంటే ఆ తలుపు గడి ఊడదీసింది మేమే.
"పెద్దోళ్ళకి ఎదురు చెప్పగూడదు",
"పో, బాబాయి ఒళ్ళో కూచో",
"ఇంటి మాట వీధిలో అనొద్దు" అని
పాలతో పాటు పోసి పెంచినాం.

ఆదివారం వాళ్ళమ్మ కస్తూరి వచ్చింది,
మామిడి సొనకి వేళ్ళన్నీ నల్లబడి, కొసలు పగిలి.
చెప్పినా. మొదట నన్నే తిట్టింది.
"మా ఇంటి మనిషి మీద..." అని లేచింది.
తిట్టనీలే అనుకుని
ప్యాంటు తీసి బల్ల మీద పెట్టినా.
హుక్కులు రెండూ వేలితో తడిమింది.
"పక్క తడపతా ఉంటే కొట్టినా అక్కా" అనింది,
"నెల రోజులుగా.
పదేళ్ళోడివి, సిగ్గులేదా అని."
ఇంక ఏమీ అనలా.
పది తొంభై ఎనిమిదికి
నా సెల్లు నుంచే ఫోను చేసినాం.
నెంబరు నొక్కింది ఆయమ్మే.

తరవాతంతా స్టేషను, డాక్టరమ్మ, చుట్టాల శాపనార్థాలు.
అది నా కుట్టు కాదు, సగం నాకు తెలీదు.

ఆగస్టులో చొక్కాకి వచ్చినాడు మునికిరణ్.
నవ్వినాడేమో అనుకుంటారు. లేదు.
టేపు వాడి చేతికే ఇచ్చినా.
"నువ్వే కొలుచుకో నాయనా, అంకె చెప్పు, రాసుకుంటా."
రొమ్ము చుట్టూ వదులుగా తిప్పి, చానాసేపు చూసి
"ముప్పై నాలుగు" అన్నాడు.

పదేళ్ళ ఒంటికి ముప్పై నాలుగు!

ముప్పై నాలుగనే రాసినా.