నమిలి మింగినంక

స్కూటీ అయితే వెనుకకు పోవాలె అన్నడు వాచ్‌మన్,
ముందల కార్లకు మాత్రమే.
నాకు నవ్వొచ్చింది.
మా అవ్వ బుచ్చవ్వ ఈ గడిలకు
పదేండ్ల పిల్లప్పటి నుంచి వచ్చింది
అటునుంచే.

బిడ్డ స్రవంతికి ఎంజీఎంల నర్సు కొలువు. మొదటి జీతం.
హన్మకొండ బిర్యానీ ఎప్పుడూ ఉండేదే అని
పరకాల దాటించి తీసుకొచ్చింది.
గోడలకు కొత్త సున్నం. బురుజు మీద పసుప్పచ్చ లైట్లు.
దర్వాజకు ఇత్తడి బొడిపెలు అట్లనే ఉన్నయి,
తోమేటోళ్లు మారిండ్రు.
మేం కూసున్నది వడ్ల కొట్టంల.
దూలం మీద తాడు ఒరిసిన గీత చూపెట్టి
ఇదేందమ్మా అన్నది.
తెల్వదన్న.
తెలుసు. కాంటా అక్కడ ఏలాడేది.

మెనూ బరువుగ ఉంది, మా ఆఫీసు రిజిస్టరు లెక్క.
సర్వపిండి మూడు వందల నలభై.
నాలుగు ముక్కలొచ్చినయి, ఒక్కోదానికి ఒక పుల్ల గుచ్చి.
వేళ్లతోటి పొడిచే బొక్కలు లేవు,
నూనె ఎట్ల దిగిందో.
పచ్చిపులుసు చిన్న గాజు గ్లాసుల, మందు తాగినట్టు తాగాలె.
నాటుకోడి మాత్రం, అబద్ధమెందుకు, బాగున్నది.
గసాలు రోట్లె దంచినయి, మిక్సీ రుచి కాదు.
రెండోసారి వడ్డించుకున్న.
బొక్క చీకుతుంటే పక్క టేబులామె చూసింది.
చూడనీ.

వడ్డించే పిల్లగాడు దిబాకర్, బలాంగీర్ నుంచి,
నేర్చుకున్న తెలుగుల అప్పజెప్పిండు:
"ఇది నూట నలభై ఏండ్ల గడి అమ్మా.
ఇక్కడికి వచ్చినవారెవరూ ఆకలితో వెళ్లలేదు."
ఒక్క తప్పు పోలేదు.
నువ్వు తిన్నవా బిడ్డా అని అడిగిన.
దానికి జవాబు నేర్పలేదేమో,
కొంచెం ఆగి
పదకొండు దాటినంక అన్నడు.

అప్పుడు స్పీకర్లల్ల పాట మొదలైంది.
వట్టి పిల్లనగ్రోవి అనుకున్న, తర్వాత పట్టుకున్న.
రోకటి పాట.
మాటలు తీసేసి తబలా కలిపి
సువ్వి అన్న చోట గాలి మాత్రం ఉంచిండ్రు.
ఎంత హాయిగ ఉందమ్మా అని
స్రవంతి ఫోన్ల రికార్డు చేసుకుంది.

అవ్వ ఇక్కడ వడ్లు దంచేటప్పుడు
పాట ఆపొద్దు. దొరసాని కట్టడి.
పాడే నోరు బియ్యం బుక్కలేదు.
మేడ మీద కిటికీ కాడ కూసోని చెవి ఇటు పడేసేదట.
పాట తెగిందా, దిగొచ్చి
దవడ పట్టి తెరిపించి చూసేది,
నాలుక కింద సుత.
దగ్గొచ్చినా రాగం మీదనే దగ్గాలె.
అట్ల అవ్వకు రెండు వందల పాటలొచ్చు.

తర్వాతెప్పుడో, నేను ఆరో తరగతి,
టేపురికార్డరు పట్టుకొని చదువుకున్నోళ్లు ఇద్దరొచ్చిండ్రు.
ఏది అవ్వా, పాడు అన్నరు.
అవ్వ ముందు వాళ్లు తెచ్చిన బిస్కెట్లు తిన్నది.
ఒక్కొక్కటి చాయ్‌ల ముంచి, పాకిట్ల పొడి సుత దులుపుకొని.
టేపు ఉత్తగనే తిరుగుతున్నది.
కొంగుతోటి మూతి తుడుచుకొని
అప్పుడు ఎత్తుకుంది.

ఇవేవీ బిడ్డకు చెప్పలే.
కోడి చల్లారుతున్నది.

చెయ్యి కడుగ పోతుంటే వంటింటి తలుపు తెరిచుంది.
ఆరుగురు, తలలకు జాలీ టోపీలు, ఒక్కలూ మాట్లాడుతలేరు.
జీడిపప్పు డబ్బాల పైన, మూలకు,
ఎర్ర చుక్క తోటి కెమెరా.
ఇప్పుడు పాడే పనిలేదు.

రెండు వేల ఆరు వందల పద్దెనిమిది.
బిడ్డ కార్డు గీకింది, చేతికి ఇంకా డెట్టాల్ వాసన.
దిబాకర్‌కు నేను విడిగ వంద ఇచ్చిన,
బిల్లు పుస్తకంల పెట్టలే, చేతుల పెట్టిన.

వెనుక గేటు కాడ స్కూటీ తిప్పుతూ అడిగింది:
ఆ పాట మీ అవ్వ పాడేదంటివి గద ఎన్నడో,
మాటలెట్లుంటయమ్మా?

నోట్లె సోంపు ఉన్నది,
రంగు చక్కెర గుండ్లు ఇప్పుడిప్పుడే కరుగుతున్నయి.
ఆగు బిడ్డా, అన్న,
నమిలి మింగినంక.