రెండో గేరు

మూడు నుంచి రెండుకు దిగేటప్పుడే అరుస్తది.
ఎక్కేటప్పుడు కాదు.
ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సిగ్నల్ కాడ
ముంగట సిటీ బస్సు, ఎనుక హారన్లు,
నెమ్మదిగ దిగుదామని కర్ర ఎనుకకు గుంజితే
గర్ర్...
ఇనుప బకెట్ల కంకర ఒంపినట్టు.
పక్క ఆటో ఆయన తల తిప్పి చూస్తడు.
నా పండ్లు జివ్వుమంటయి.

తొంభై ఏడు మోడల్ మారుతి.
నెత్తి మీద పసుపు బోర్డు:
శశిరేఖ డ్రైవింగ్ స్కూల్, రాంనగర్.
రెండు బ్రేకులు, రెండు క్లచ్చులు,
భయం మాత్రం ఒకరికే.

ముషీరాబాద్ గల్లీల జబ్బార్ చిచ్చా
బానెట్ ఎత్తలేదు, పానా పట్టలేదు.
"నువ్వు నడుపు, నేను వింట" అని
నా సీట్ల కూసున్నడు, నేర్పే సీట్ల.
ఇరవై ఒక్క ఏండ్లల్ల
అండ్ల ఇంకొకరు కూసునుడు అదే మొదలు.
చేతులు ఏడ పెట్టుకోవాల్నో మర్చిపోయిన.

ముందుగాల వంగి, పెడల్ కింద మడతపడ్డ
రబ్బర్ మ్యాట్ బయటికి గుంజిండు.
"సగం తొక్కుడు తొక్కుడు కాదు బేటీ."
ఈ మాట నేను రోజుకు నలభై సార్లు అంటను.

"ఇంజన్ నడవనీ. న్యూట్రల్ల పెట్టు.
క్లచ్ తొక్కి ఐదు లెక్కపెట్టు. ఇగ రివర్స్."
పెరుగుల చెంచా దిగినట్టు పడ్డది.
"క్లచ్ మంచిగున్నది. దాని మీద నింద ఎయ్యకు."

గోల్కొండ చౌరస్తా దాంక పోయినం.
ఒకటి, సప్పుడు లేదు.
మూడు, నాలుగు, లేదు.
మల్ల రెండు...
చిచ్చా కండ్లు మూసుకున్నడు,
నాడి దొరికిన హకీం లెక్క.

"ఇప్పుడు రెండు సార్లు తొక్కు.
మూడు నుంచి నడుమకు రా. క్లచ్ ఇడువు.
జర రేస్ ఇయ్యి. మల్ల తొక్కు. ఇగ ఎయ్యి."
ఎసిన.
ఏమీ ఇనరాలే.
బండి ఏమీ అననప్పుడే
మాకు రోగం దొరికింది.

"లోపల ఇత్తడి రింగు ఒకటుంటది.
ఒక చక్రం జోరుమీదుంటది, ఒకటి నిమ్మళంగ.
రెండిటినీ ఒక్క చాలుకు తెచ్చి అప్పుడు కలుపుతది.
అది అరిగింది.
ఇగ సమజాయించేటోళ్లు లేరు, సీదా కొట్లాటే."

నర్సింలు బండి కిందికి దూరి బోల్టు ఇప్పిండు.
పాత నూనె తట్టలకు దిగింది, నల్లగ, బద్దకంగ.
చిచ్చా అయస్కాంతం ముంచి తీసిండు.
ఏమీ అంటలే.
తట్టను ఎండకు వంచితే మాత్రం
నూనెల సన్నగ, పసుపుగ, మెరుపు.

ఆ పొడి నేను ఎరుగుదును.

ఇండ్ల చిటికెడు, రిటైరైన పోస్టు మాస్టరమ్మ ఆండాళ్లుది,
గేరు మార్చే ముంగట ప్రతిసారి స్టీరింగుకు దండం పెట్టేది.
క్యాబ్ నడుపుత అని రాత్రి డ్యూటీ నుంచి సీదా వచ్చి
సిగ్నల్ కాడ నిద్రపోయిన పోశెట్టిది కొంత.
గాంధీ దవాఖాన నర్సు మేరీ ప్రసన్నది తక్కువే,
సూది ఏసే చెయ్యి, మెత్తగుండేది.
పెండ్లి చూపులకు బండి వస్తదని చెప్పేసి
పది దినాలల్ల నేర్పుమన్న నౌషీన్‌ది
ఎక్కువ, శానా ఎక్కువ.
క్లచ్ తొక్కమంటే ఎడమ కాలు ఏదో
చూసుకునేటోళ్ల పేర్లు కొన్ని యాదికి లేవు.
ఇప్పుడు వాళ్లంత యాడనో రెండు ఏసుకుంటున్నరు,
సప్పుడు లేకుంట.

"గేర్‌బాక్స్ దించాలె. రింగు రాణిగంజ్‌ల దొరుకుతది.
ఆరున్నర వేలు, నా మజూరి కలిపి.
లేకుంటె," చిచ్చా చేతులు తుడుసుకుంట అన్నడు,
"రెండు సార్లు తొక్కుకుంట నడుపు. శానా ఏండ్లు పోతది.
కని నీ పిల్లలకు రాదు గద."

ఎనభై తొంభై ఆయిల్ కొత్తది పోపిచ్చిన.
సోమారం తెస్తనన్న.
బోర్డు మీద ఎండ తగ్గింది.

సిగ్నల్ కాడ మూడు నుంచి నడుమకు వచ్చి
కాలు ఇడిసిన.
ఆ అర్ధ క్షణం ఏ గేరూ నాది కాదు,
బండి తన ఉరుకుల తను పోతాంది.
జర రేస్. తొక్కుడు. రెండు.

పక్క ఆటో ఆయన ఈసారి తల తిప్పలే.
ఎందుకో కొంచెం బాధయింది.