ఐదు మార్కుల తడి

కొరుక్కుపేటలో రైలెక్కితే
ఎన్నూరు చేరేలోగా ఇరవై ఆరు పేపర్లు దిద్దొచ్చు,
కిటికీ పక్కన సీటు దొరికితే.
దొరకలేదు.
ఖాళీ చేపల గంపకీ, ఎవరిదో కాలేజీ బ్యాగుకీ మధ్య
మోకాళ్ళనే బల్ల చేసుకుని కూర్చున్నాను.

ఆరో ప్రశ్న.
"ఎండిన బావి గిలక మీద
ఇంకా కొంచెం తడి ఉంది" –
ఇందులో తడి దేనికి సంకేతం?
ఐదు మార్కులు.

తడి మానవత్వానికి సంకేతం.
తడి మానవత్వానికి సంకేతం.
ఒకడు తొందరలో
తడి మానవత్వానికి సంతకం అన్నాడు.
వాడికి అర మార్కు కోసి,
వాడిదే నయమేమో అనుకునేసరికి
తండయార్‌పేట వెళ్ళిపోయింది.

గైడులో పద్నాలుగో పేజీ అది.
కామాలతో సహా నాకు కంఠతా.

పదిహేడో పేపరు పి. కోటీశ్వరిది.
అక్షరాలు తమిళం వైపు వాలి ఉంటాయి,
లకీ ళకీ ఎప్పుడూ పేచీయే.

"మిస్, నేను బావి చూడలేదు.
గిలకంటే ఏంటో మా అవ్వనడిగాను.
బావి ఎండిపోతే గిలకకి తడెక్కడిది?
నీళ్ళది కాదు.
ఎండిందని తెలిసి కూడా ఎవరో
ఇప్పుడే చేద వేసి చూశారు.
చేతి చెమట తాడుకంటింది,
తాడు మీంచి గిలకకెక్కింది.
మా వీధి బోరింగూ అంతే, మిస్.
తెల్లారుజామున నాలుగింటికి
మా అమ్మ నలభైసార్లు కొడుతుంది.
మూతి పొడిగానే ఉంటుంది,
పిడి తడిసిపోతుంది.
కవి మంచితనం గురించి రాశాడో లేదో తెలీదు.
ఎవరో వచ్చి చూసి వెళ్ళారని మాత్రం రాశాడు.
గైడులో ఇలా లేదు.
తప్పైతే కొట్టేయండి."

సిగ్నల్ పడక రైలు ఆగింది.
సుండల్ అమ్మేవాడు నా కాలు తొక్కి
సారీ చెప్పి పోయాడు.

పన్నెండేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను.
ప్రతి ఏడూ బోర్డు మీద బావి గీస్తాను,
గిలకా, తాడూ, చేదా –
చేద నిండా నీళ్ళు గీస్తాను.
ఏ పిల్లా అడగలేదు,
ఎండిన బావిలో నీళ్ళేమిటని.
నేనూ అడుక్కోలేదు.

ఇంకో సంగతి. ఆ గైడు రాసింది నేనే.
అట్ట మీద పేరుండదు,
అనుభవజ్ఞులైన ఉపాధ్యాయ బృందం అని ఉంటుంది.
బృందమంటే నేనూ, ఒక కొవ్వొత్తీ.
పేజీకి పదిహేను రూపాయలు.
ఆ రాత్రి కరెంటు లేదు, చిన్నాడికి జ్వరం.
మానవత్వం అని రాసేస్తే
ఏ కవితకైనా సరిపోతుందని అప్పటికే తెలుసు.

ఐదుకి ఐదు వేశాను.
వేశాక భయమేసింది.
మార్చిలో ఈ పిల్ల పేపరు
ఇంకెవరి మోకాళ్ళ మీదకో వెళుతుంది.
వాళ్ళకి తెలిసింది నా పద్నాలుగో పేజీయే.

మార్జిన్‌లో ఎర్రగా
"పరీక్షలో మాత్రం" అని మొదలుపెట్టాను.
పెన్ను అక్కడే నిలబడింది.
తిరువొత్తియూర్, విమ్కో నగర్, కత్తివాక్కం.
దిగాల్సిన చోట దిగాను.
తొమ్మిది పేపర్లు సంచిలో అలాగే ఉన్నాయి,
ఆ రెండు మాటలూ అలాగే ఉన్నాయి.

రేపు మూడో పీరియడులో కోటీశ్వరి
పేపరు తిప్పి చూసి, లేచి నిలబడి
వీటికి అర్థమేంటి మిస్ అంటుంది.