తరుగు

రాత్రి డ్యూటీ దిగి బెవర్లీ రోడ్డు బస్సులో
అద్దం మీది నా ఊపిరి తుడుచుకుంటూ
బ్యాంకుల్ని బేరమాడుతున్నాను.
ఇవాళ అయిదు. ఏడో తారీకు చీటీ.

మొదటి పాట నేనే పాడేశాను కదా,
వీసా ఏజెంటు నోట్లో పోయడానికి.
ఇంకా పద్నాలుగు వాయిదాలు
మెడకి చుట్టుకుని ఉన్నాయి.
పంతొమ్మిది మంది ఆడవాళ్ళు
నూకరత్నం అరుగు మీద కూర్చుని
హల్ అనే ఊరు ఏ మూలుందో తెలీకుండానే
నా డబ్బు కోసం చూస్తారు.

రాతి స్తంభాల బ్యాంకు
రుసుము సున్నా అని ఇంతేసి అక్షరాల్లో రాసింది.
రేటు మాత్రం చీమ తలకాయంత:
నూట ఎనిమిది రూపాయల పది పైసలు.
ఫోన్లో తప్ప ఎక్కడా గుమ్మం లేని బ్యాంకు
ఒక పౌను ఎనభై పెన్నీలు ముందే అడిగి
నూట పదకొండు ముప్పై అయిదు ఇస్తానంది.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో
ఆరేళ్ళు చిట్టా రాసినదాన్ని.
కమిషను లేదు లేదని అరిచే కొట్లో
కాటా మీద ఎవడి బొటనవేలు ఆనుతుందో
నాకు తెలీదూ?
చెమ్మకింత, గోనెకింత,
ఇదేమని అడిగితే ఆనవాయితీ అని ఇంకొంత.
అక్కడ దాని పేరు తరుగు.
ఇక్కడ దానికి టై కట్టారు, అంతే.

రెండు వందల పౌన్లకి
నాలుగు వందల నలభై తొమ్మిది రూపాయల తేడా.
టికెట్టు వెనక పద్నాలుగుతో హెచ్చవేశాను.
ఎంతొచ్చిందో చెప్పను, మీరే వేసుకోండి.

అదైనా ఓర్చుకుందును.
పోయిన నెల స్తంభాల బ్యాంకులోనే పంపాను.
పాసుబుక్కులో ఆవిడ నూకరత్నం.
పెద్దావిడని నేను నూకరత్నమ్మ అని రాశాను.
మర్యాదకి పెట్టిన ఆ ఒక్క అమ్మ దగ్గర
డబ్బు నాలుగు రోజులు ఆగిపోయింది,
ఇటూ కాక అటూ కాక, ఏ సముద్రం మీదో.
ఫోన్ చేస్తే సంగీతం వినిపించారు.
ఈలోగా ఆవిడ చెవి దిద్దులు తాకట్టు పెట్టి
పాట నిలబెట్టిందట.
నాకు ఒక్క మాట చెప్పలేదు. మంగవేణి చెప్పింది.

మా కేర్ హోములో డోరీన్ అని ఒకావిడ.
ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చుంది.
ఇప్పుడు కూతురి పేరు గుర్తులేదు గానీ
కాగితం న్యాప్కిన్లు ఇస్తే
బొటనవేలు తడి చేసుకుని
టపటపా లెక్కపెట్టి కట్ట కడుతుంది.
రాత్రి దుప్పటి సర్దుతూ అడిగాను,
ఏ బ్యాంకు మంచిదమ్మా అని.
"నీ కళ్ళ ముందు రెండోసారి లెక్కపెట్టేది" అంది.
అని, టీ తాగావా అని మూడోసారి అడిగింది.

సరే, గుమ్మం లేని బ్యాంకే.
ఎంత తీసుకుంటుందో ముందే చెప్పి తీసుకుంటోంది.
పదకొండు అక్షరాల కోడు కొట్టాను,
అయిదోది ఎప్పుడూ సున్నాయే,
అయినా ఓ అని కొట్టానేమోనని మళ్ళీ చూశాను.
పేరు: నూకరత్నం. అమ్మ తీసేశాను.

ఎందుకు పంపుతున్నారు? అంది ఫోను.
కుటుంబ పోషణ, చదువు, వైద్యం, బహుమతి.
చీటీ లేదు.
ఈమె మీకేమవుతుంది? అంది.
తల్లి, అక్క, చెల్లి, స్నేహితురాలు.
దిద్దులు తాకట్టు పెట్టిన మనిషికి గడి లేదు.
వేలు కాసేపు అక్క మీద ఆగి
స్నేహితురాలు నొక్కింది.

తలెత్తేసరికి నా స్టాపు దాటిపోయింది.
మీగడ రంగు ఫోను డబ్బా పక్కన దిగి
వెనక్కి నడుస్తున్నాను.
హంబర్ మీంచి గాలి మొహానికే కొడుతోంది.
ఈ అర మైలు కూడా
తరుగులోనే రాసుకోవాలి.